కీమోలో జుట్టు రాలకుండా తలకు పెట్టే కూలింగ్ క్యాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా పిన్నికి కీమో జరిగిన రోజుల్లో ఇలాంటి క్యాప్ ఒకటి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. పక్క బెడ్డావిడ చెబితే తెలిసింది, కానీ అప్పటికే పిన్ని తలకు చున్నీ చుట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా అక్కకి రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు మాత్రం మొదటి రోజే అడిగాం. అక్కకి పదహారు కీమోలు పడ్డాయి, పదహారింటికీ క్యాప్ పెట్టించాం. అన్నిసార్లూ పక్కన కూర్చున్నది నేనే. అప్పటినుంచి తెలిసినవాళ్లూ, వాళ్లకి తెలిసినవాళ్లూ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలనే ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను. మీ విషయంలో చివరి మాట మీ ఆంకాలజిస్టుదే, అంటే క్యాన్సర్ డాక్టర్‌దే.

కీమోకి జుట్టు ఎందుకు రాలుతుంది?

త్వరత్వరగా రెట్టింపయ్యే కణాలను కీమో మందు దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే. మన వెంట్రుకల కుదుళ్లలోని కణాలూ అలాంటివే. తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటే, వాటిలో పదింట తొమ్మిది ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. అందుకే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. మొదటి కీమో తర్వాత సాధారణంగా రెండు మూడు వారాలకు రాలడం మొదలవుతుంది.

క్యాప్ ఏం చేస్తుంది?

తల చర్మాన్ని బాగా చల్లబరుస్తుంది. చలికి అక్కడి రక్తనాళాలు ముడుచుకుంటాయి, దాంతో కుదుళ్లకు చేరే మందు తగ్గుతుంది. పైగా చల్లబడిన కుదుళ్లలో పని కూడా మందగిస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు ఆలస్యంగా పులిసినట్టే అనుకోండి. చేరిన ఆ కొద్ది మందు కూడా అంతగా దెబ్బతీయలేదు.

ఆసుపత్రుల్లో వాడేది చిన్న ఫ్రిజ్ లాంటి మెషీన్. దాని నుంచి ఒక గొట్టం వస్తుంది, గొట్టం చివర మెత్తటి సిలికాన్ టోపీ ఉంటుంది. టోపీలోని సన్నటి దారుల్లో చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. పైన ఇంకో బిగుతు కవర్ తొడిగి గడ్డం కింద పట్టీ కడతారు. తల చర్మం వేడి 20 డిగ్రీల దరిదాపులకు, ఒక్కోసారి అంతకంటే కిందికి దిగుతుంది. ఎక్కువగా వినబడే పేర్లు రెండు: స్వీడన్ వాళ్ల డిగ్నిక్యాప్, ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చే పాక్స్‌మన్. పాక్స్‌మన్ కుటుంబానిది బీరు చల్లబరిచే యంత్రాల వ్యాపారం. ఆ ఇంటి ఇల్లాలికి కీమోలో జుట్టు పోవడంతో ఆ పనితనాన్నే ఇటు మళ్లించారు.

జుట్టు అస్సలు రాలకుండా ఉంటుందా?

ఉండదు. ఈ సంగతి ముందే గట్టిగా మనసుకు చెప్పుకోవాలి. లేకపోతే మూడో వారంలో దిండు మీద వెంట్రుకలు కనబడగానే గుండె జారిపోతుంది.

పరిశోధనల్లో 'క్యాప్ పనిచేసింది' అంటే సగం కంటే తక్కువ జుట్టు రాలిందని, విగ్గు అవసరం పడలేదని అర్థం. జుట్టంతా నిలిచిందని కాదు. ఆ లెక్కన చూస్తే, 2017లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్ల మీద జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. ఒకదానిలో క్యాప్ పెట్టుకున్నవాళ్లలో సుమారు సగం మందికి, రెండోదానిలో మూడింట రెండొంతుల మందికి జుట్టు నిలిచింది. పెట్టుకోనివాళ్లలో ఒక్కరికీ నిలవలేదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మన భారతీయ స్త్రీల మీద చేసిన ట్రయల్‌లోనూ సగానికి పైగా మందికి పనిచేసింది. మన ఒత్తు జుట్టుకు ఇది పని చేయదని అనేవాళ్లకు ఆ ట్రయలే జవాబు.

మా అక్కకి నడుము దాకా జడ ఉండేది. చివరికి అది పిలకంత సన్నబడింది, నడినెత్తిన అరచేతి మేర పలచగా చర్మం కనిపించింది. అయినా పాపిడి పక్కకి తీసుకుని కొంగు కప్పుకోకుండానే పెళ్లిళ్లకు వెళ్లింది. మాకు అది చాలా పెద్ద సంగతి.

ఏ మందుతో అయినా పనిచేస్తుందా?

తేడా చాలా ఉంటుంది. పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ లాంటి మందులతో బాగా పనిచేస్తుంది. వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్‌తో ఫలితం మరీ మెరుగు. వార్డుల్లో 'ఎర్ర మందు' అంటారు చూడండి, డాక్సోరూబిసిన్, దాంతో మాత్రం విజయం తక్కువ. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి ముందు నాలుగు ఎర్ర మందులు, తర్వాత పన్నెండు వారాలు పాక్లిటాక్సెల్ పడతాయి. మా అక్కకీ అదే వరస. ఎక్కువ జుట్టు పోయింది ఆ మొదటి నాలుగింటిలోనే. పాక్లిటాక్సెల్ నడుస్తుండగానే నడినెత్తిన చిన్న చిన్న వెంట్రుకలు మొలవడం చూశాం.

అలాగే కొన్ని మందులకు జుట్టు పెద్దగా రాలదు. కేపసిటబీన్ మాత్రలు, ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ లాంటివి అలాంటివి. వాటికి క్యాప్ అక్కర్లేదు. అందుకే డాక్టర్ని మొదట అడగాల్సిన మాట: "నాకిచ్చే మందుల పేర్లేమిటి, వాటికి జుట్టు పూర్తిగా పోతుందా?"

మొదటి కీమో అయిపోయింది. రెండోదాని నుంచి పెట్టుకోవచ్చా?

చాలావరకు ఆలస్యమైనట్టే. మొదటి మందు పడిన రోజే కుదుళ్లకు దెబ్బ తగులుతుంది. అది బయటపడేది మాత్రం రెండు వారాల తర్వాత. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంచుకోగలరనుకుంటే అది ఇదే: మొదటి కీమోకి ముందే అడగండి. కీమో తేదీ ఇచ్చిన రోజే అడగండి. డాక్టర్ తీరిక లేకుండా ఉంటే డేకేర్ (కీమో ఎక్కించి అదే రోజు పంపించే వార్డు) నర్సును అడగండి.

ఎవరు పెట్టుకోకూడదు?

లుకేమియా, లింఫోమా లాంటి రక్త క్యాన్సర్లు ఉన్నవాళ్లు పెట్టుకోకూడదు. అక్కడ క్యాన్సర్ కణాలు రక్తంలోనే తిరుగుతుంటాయి కాబట్టి మందు ఒంటి అంతటా చేరాలి. తల చర్మానికి క్యాన్సర్ పాకినవాళ్లకు, తలకు రేడియేషన్ ఇవ్వబోతున్నవాళ్లకు కూడా వద్దంటారు. చలి తగిలితే దద్దుర్లు లేచేవాళ్లు, చలికి రక్తకణాలు గుంపుగా అతుక్కునే కోల్డ్ అగ్లుటినిన్ జబ్బు ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లలో మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి డాక్టర్ లెక్క వేరుగా ఉంటుంది. మైగ్రేన్ ఉంటే ముందే చెప్పండి.

తలకి మందు చేరకపోతే క్యాన్సర్ అక్కడ దాక్కోదా?

ఇది అందరికీ వచ్చే భయమే, న్యాయమైన భయమే. ఈ అనుమానాలు తీరే ఆధారాలు అప్పట్లో లేకనే 1990లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ క్యాప్‌ల అమ్మకం ఆపించింది. ఆ తర్వాత యూరప్‌లో ఏళ్ల తరబడి వేలమంది వాడారు. ఆ రికార్డులన్నీ కలిపి చూస్తే రొమ్ము క్యాన్సర్‌లో తల చర్మానికి క్యాన్సర్ పాకడం ఎలాగూ నూటికి ఒకరి కంటే తక్కువ మందిలోనే కనిపించింది. క్యాప్ పెట్టుకున్నవాళ్లకీ పెట్టుకోనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బతికిన కాలంలోనూ తేడా కనబడలేదు. 2015 డిసెంబరులో ఎఫ్‌డీఏ డిగ్నిక్యాప్‌కు, 2017లో పాక్స్‌మన్‌కు అనుమతి ఇచ్చింది. మొదట రొమ్ము క్యాన్సర్‌కు మాత్రమే ఇచ్చి, తర్వాత గడ్డల రూపంలో వచ్చే మిగతా క్యాన్సర్లకూ విస్తరించింది.

చాలా నొప్పా? తట్టుకోగలమా?

మొదటి పది పదిహేను నిమిషాలే కష్టం. ఐస్‌క్రీం గబగబా తింటే నుదుట్లో పోటు వస్తుంది చూడండి, ఆ పోటు తల మొత్తానికీ వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందని అక్క చెప్పింది. నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుని లోపల అంకెలు లెక్కపెట్టుకునేది. పావుగంట గడిచేసరికి తల మొద్దుబారుతుంది, చెయ్యి వదులయ్యేది. ఆ తర్వాత చలి, మెడ మీద బరువు, కొంచెం తలనొప్పి మిగులుతాయి. కొందరికి వికారంగా ఉంటుంది. గడ్డం కింద పట్టీ బిగుతుకి ఊపిరాడనట్టుందని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. పట్టీ కొంచెం సర్దమని నర్సుకి చెప్పండి, ఓర్చుకుని కూర్చోనక్కర్లేదు.

క్యాప్ పెట్టే ముందు పారాసెటమాల్ వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి, చాలామందికి సాయపడుతుంది. ఒంటిమీద స్వెటర్, కాళ్లకు సాక్సులు, పైన దుప్పటి ఉండాలి. మే నెల ఎండలో కూడా మేం రగ్గు మోసుకెళ్లేవాళ్లం. ఫ్లాస్కులో వేడి పాలు తీసుకెళితే ఆ పూట గడుస్తుంది.

తట్టుకోలేకపోతే ఏ నిమిషంలోనైనా తీసేయమనొచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కీమో ఆగదు, క్యాప్ మాత్రమే ఆగుతుంది.

ఎంతసేపు పెట్టుకోవాలి?

మందు ఎక్కించడానికి అరగంట ముందు మొదలుపెడతారు. జుట్టు ఒత్తుగా ఉంటే ఇంకో పావుగంట ముందే పెట్టొచ్చు. మందు ఎక్కుతున్నంతసేపూ ఉంటుంది. మందు అయ్యాక రక్తంలో దాని మోతాదు దిగేవరకూ ఉంచాలి. ఇది మందును బట్టి 20 నిమిషాల నుంచి గంటన్నర వరకు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. డోసిటాక్సెల్‌కు తక్కువ చాలు, ఎర్ర మందుకు ఎక్కువ కావాలి. అంటే డేకేర్‌లో ఆ రోజు రెండు మూడు గంటలు అదనం. బయట ఆటో మాట్లాడుకునేటప్పుడు, పిల్లల స్కూలు టైము చూసుకునేటప్పుడు ఇది లెక్కలో పెట్టుకోండి. మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే నర్సు గొట్టం విడదీస్తుంది. టోపీ తల మీదే ఉంటుంది. పది నిమిషాల్లోపు వచ్చేయాలి.

పెట్టడంలో జాగ్రత్తలేమిటి? జుట్టు కత్తిరించుకోవాలా?

ఫలితమంతా టోపీ తలకు అంటుకోవడంలోనే ఉంది. గాలి దూరిన చోట చలి తగలదు. చలి తగలని చోట జుట్టు నిలవదు. అక్క నడినెత్తి మీది ఆ పలచన మచ్చకు మూలం అదే. మొదటిసారి సైజు కొంచెం పెద్దది పెట్టారు, పైన రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉంది. మాకు తెలియలేదు, అడగలేదు. రెండోసారి నర్సును మార్చమని అడిగితే చిన్న సైజు తెచ్చింది, అప్పుడుగానీ తేడా అర్థం కాలేదు. మీరు పక్కన కూర్చునే మనిషైతే, టోపీ పెట్టగానే నడినెత్తి మీద, చెవుల వెనక, మెడ పైన వేళ్లతో నొక్కి చూడండి. ఖాళీ అనిపిస్తే అప్పుడే చెప్పండి.

ముందు జుట్టును స్ప్రే బాటిల్‌తో కొద్దిగా తడుపుతారు, కండిషనర్ రాస్తారు, పళ్ల ఎడం ఉన్న దువ్వెనతో వెనక్కి దువ్వుతారు. కొప్పు, జడ, క్లిప్పు ఏవీ ఉండకూడదు. నుదుటికి, చెవులకు చలి కొట్టకుండా గాజుగుడ్డ పెట్టిస్తారు. జుట్టు కత్తిరించుకోవడం తప్పనిసరి కాదు. కానీ భుజాల దాకా ఉంటే చిక్కులు తక్కువ, తడపడం తేలిక.

అయిపోయాక టోపీ లాగేయకూడదు. లోపల సన్నటి మంచు పట్టి వెంట్రుకలు టోపీకి అతుక్కుని ఉంటాయి. మెషీన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగితే దానంతట అదే వదులుతుంది. తీసిన వెంటనే అక్క తల మీద చెయ్యి పెడితే, ఫ్రీజర్ తలుపు తీసినప్పటి చలి నా అరచేతికి తగిలేది.

ఇంట్లో జుట్టును ఎలా చూసుకోవాలి?

కీమో నడిచినన్నాళ్లూ జుట్టును చంటిబిడ్డలా చూసుకోవాలి. తలస్నానం వారానికి ఒకటి రెండుసార్లు చాలు. గోరువెచ్చటి నీళ్లు, ఘాటులేని షాంపూ వాడాలి. తలంటు పేరుతో గోళ్లతో రుద్దడం వద్దు. కుంకుడురసం, శీకాయ మన అమ్మమ్మల నాటివే అయినా ఈ కొన్ని నెలలూ పక్కన పెట్టండి. వాటికి రుద్దుడు ఎక్కువ, చిక్కులు ఎక్కువ. తువ్వాలుతో తుడవకుండా అద్దండి. డ్రయ్యర్, రంగు, హెన్నా వద్దు.

రోజూ ఒకసారి మెల్లగా చిక్కు తీయాలి. రాలుతుందన్న భయంతో దువ్వడం మానేస్తే రాలిన వెంట్రుకలు లోపలే చుట్టుకుని ఉండకడతాయి, అప్పుడు మంచి జుట్టూ వాటితో పోతుంది. చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. జడ వేస్తే వదులుగా వేయండి. పూలు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకోండి, పిన్నుతో బిగించి మాత్రం కాదు. దిండుకు పట్టు లేదా సాటిన్ గలీబు వేస్తే రాపిడి తగ్గుతుంది.

నూనె అలవాటున్నవాళ్లు కీమో రోజున రాసుకోవద్దు. జిడ్డు తలకు టోపీ కింద తడి సరిగ్గా పట్టదు.

క్యాప్ పెట్టుకున్నా రాలుతోంది. ఆపేయాలా?

తొందరపడకండి. రాలడం మూడో వారంలో మొదలై, చివరి కీమో తర్వాత కూడా కొన్ని వారాలు సాగుతుంది. కొన్నిరోజులు గుప్పెడు గుప్పెడు వస్తుంది. అద్దంలో చూసుకుని బేరీజు వేసుకోవడం కష్టం కాబట్టి ప్రతి కీమోకి ముందు ఐదు వైపుల నుంచి ఫోటో తీసి పెట్టుకోండి. అక్క రోజూ "అంతా పోయింది" అని ఏడ్చేది. ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే కానీ నమ్మేది కాదు.

సగానికంటే ఎక్కువే పోతే, కొనసాగించాలా వద్దా అన్నది ఓపికను బట్టి, డబ్బును బట్టి తేల్చుకోవాల్సిన విషయం. కొనసాగించినవాళ్లకు తిరిగి మొలవడం త్వరగా ఉంటుంది.

మెషీన్ లేకపోతే ఇంట్లో ఐస్ ప్యాకులు పెట్టుకోవచ్చా?

వద్దు. చలి సమంగా ఉండదు, చర్మం కాలినట్టు దెబ్బతినే ప్రమాదం ఉంది. మెషీన్ లేకుండా వాడే గడ్డకట్టిన జెల్ క్యాప్‌లు వేరే ఉన్నాయి. వాటిని సున్నాకు చాలా కిందకి, సుమారు మైనస్ 30 డిగ్రీలకు చల్లబరిచి, ఇరవై ముప్పై నిమిషాలకొకటి మారుస్తూ ఉండాలి. నేర్చుకున్న మనిషి పక్కన లేకుండా అది చేసే పని కాదు.

ఎక్కడ దొరుకుతుంది? ఖర్చెంత?

మన దగ్గర హైదరాబాద్ లాంటి నగరాల్లో కొన్ని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఉంది. ఒక్కో సిట్టింగుకు విడిగా తీసుకుంటారు, ఆసుపత్రిని బట్టి రేటు మారుతుంది. కాబట్టి ఒక్క సిట్టింగు రేటు విని సరే అనొద్దు. మొత్తం ఎన్ని కీమోలో అడిగి, హెచ్చవేసి, క్యాప్‌కు విడిగా డబ్బు కట్టాలా, ప్యాకేజీ ఉందా అని కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే ముందుగానే రాతపూర్వకంగా అడగండి. ఆరోగ్యశ్రీ మీద కీమో చేయించుకుంటున్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగాకే క్యాప్ సంగతి తేల్చుకోండి. ఇంట్లో మందులకే ఇబ్బందిగా ఉంటే దీనికోసం అప్పు చేయొద్దు. మంచి విగ్గు ఒక్కసారి కొంటే సరిపోతుంది.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకు ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఆసుపత్రులు చాలావాటిలో ఈ సదుపాయం ఉంది. నెదర్లాండ్స్‌లో మరీ మామూలు విషయం. అమెరికాలో ఉన్నవాళ్లు తమ ఇన్సూరెన్స్‌ను, ఆసుపత్రిలో ఆర్థిక సాయం చూసే విభాగాన్ని తప్పకుండా అడగాలి.

మగవాళ్లు పెట్టుకోవచ్చా? కనుబొమలు, రెప్పలు నిలుస్తాయా?

మగవాళ్లు పెట్టుకోవచ్చు. కనుబొమలకు, రెప్పలకు క్యాప్ రక్షణ ఉండదు.

బయోటిన్ మాత్రలు, ఉల్లిరసం, మినాక్సిడిల్?

జుట్టుకు మంచిదని వేసుకునే బయోటిన్ విటమిన్ కీమోతో రాలడాన్ని ఆపదు. పైగా థైరాయిడ్ లాంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. వేసుకుంటున్నట్టయితే డాక్టర్‌కు చెప్పాలి. ఉల్లిరసం ఈ సమయంలో చర్మాన్ని మండిస్తుంది తప్ప ఉపయోగం లేదు. జుట్టు మొలవడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్ కూడా రాలడాన్ని ఆపలేదు, తర్వాత మొలవడాన్ని కొంచెం త్వరపెట్టొచ్చు.

ఈ బాధంతా ఎందుకు, తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చేస్తే పోదా?

అలా చేసినవాళ్లు నాకు తెలుసు. కీమో మొదలవకముందే కొండకెళ్లి కల్యాణకట్టలో ఇచ్చేసి, మనసు తేలిక చేసుకుని వచ్చారు. తమ చేతులతో ఇచ్చామన్న తృప్తి వాళ్లకు మిగిలింది. అది గొప్ప దారి. అది నచ్చితే క్యాప్ అవసరమే లేదు.

కానీ క్యాప్ కావాలన్న మనిషిని "ప్రాణం కంటే జుట్టెక్కువా" అని అనొద్దు. అక్క ఆ మాట మా ఇంట్లోనే విన్నది. ఆమెకు జుట్టు అందం కోసం కాదు. వీధిలో, ఆఫీసులో, పిల్లాడి స్కూల్లో ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పకూడదో తనే తేల్చుకోవాలనుకుంది. గుండు కనిపిస్తే ఆ అవకాశం ఉండదు. మా మేనల్లుడికి అప్పుడు ఆరేళ్లు. అమ్మ జడ పట్టుకుని నిద్రపోయే అలవాటు వాడిది.

కీమో అయ్యాక జుట్టు మామూలుగా వస్తుందా?

చాలామందికి రెండు మూడు నెలల్లో మొలక కనిపిస్తుంది, తర్వాత నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. మొదట ఉంగరాలు తిరిగో, రంగు మారో రావచ్చు. కొద్దిమందికి, ముఖ్యంగా డోసిటాక్సెల్ తర్వాత, పలచదనం శాశ్వతంగా ఉండిపోతుంది. క్యాప్ ఇక్కడ కూడా పనికొస్తుందని దక్షిణ కొరియాలో జరిగి 2024లో వెలువడిన ఒక ట్రయల్ చెబుతోంది. కీమో అయిన ఆరు నెలలకు పలచదనం మిగిలినవాళ్లు క్యాప్ పెట్టుకోనివాళ్లలో నూటికి 52 మంది, పెట్టుకున్నవాళ్లలో సుమారు 13 మంది.

రంగు వేయడానికి కనీసం మూడు నెలలు ఆగి, డాక్టర్ని అడిగి వేసుకోండి. ముందు చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూడండి, మంట, దురద లేకపోతే అప్పుడు తలకి.